క్యాప్ లోపలి గీతలు

పాత పెన్నులు ఏరుకుని మురిసిపోయేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ముందు వాళ్ళని నాలుగు తిట్టాకే అసలు సంగతికి వస్తాను. ఎందుకంటే అసలు సంగతికి వచ్చేసరికి తిట్టుకోవాల్సింది నన్ను నేనే.

రాజమండ్రిలో కోటగుమ్మం దగ్గర సందులో మాది కాగితాల కొట్టు. మా మావగారు పెట్టారు, తర్వాత మా ఆయన చూశారు, ఆయన పోయాక పదిహేనేళ్ళుగా నేను చూస్తున్నాను. నా పేరు వరహాలక్ష్మి. నోటు పుస్తకాలు, అట్టలు, జెరాక్సు, శుభలేఖలు, బడులు తెరిచే రోజుల్లో ఊపిరి సలపనంత బేరం. కొట్టు అరుగు మీద ఎడంపక్క ఒక చెక్క బల్ల ఉండేది. దాని మీద చేత్తో తిప్పే చిన్న తరిమెన అంటే లేత్ మిషను, ఒక స్పిరిట్ దీపం, మందుల సీసాల్లో సైజులవారీగా పాళీలు. ఆ బల్ల బుల్లియ్యది. అక్కడ కూచుని ముప్ఫై ఏళ్ళు ఇంకు పెన్నులు బాగుచేశాడు.

ఇల్లు కొవ్వూరు. రోజూ పొద్దున్నే వంతెన దాటి బస్సులో వచ్చేవాడు. తొమ్మిదిన్నరకి నేను షట్టరు ఎత్తేసరికి అరుగు తుడిచేసి ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్దవాడు. అయినా మా మావగారు ఎలా పిలిచారో నేనూ అలాగే, ఒరే అనలేదన్న మాటే గానీ, బుల్లియ్యా నువ్వు అనే పిలిచాను. ఆయన మాత్రం నన్ను అమ్మగారండి అనకుండా ఒక్క మాట మాట్లాడింది లేదు. జేబులో ఎప్పుడూ పెన్ను ఉండేది కాదు. ఏంటి బుల్లియ్యా, ఇన్ని పెన్నులు చేసినవాడివి ఒకటి పెట్టుకోవేం అని వేళాకోళం చేస్తే, "రాయడానికి నాకేముందండి, సంతకం తప్ప" అనేవాడు. నిజమే. బాగుచేసిన ప్రతి పెన్నుతోనూ కాగితం మీద శ్రీకారం, దాని పక్కన ఒక ఎనిమిది అంకె, అంతే రాసి చూసేవాడు. 

పన్నెండో ఏట బుల్లియ్యని వాళ్ళ నాన్న తీసుకొచ్చి ఇన్నీసుపేటలో సప్తగోదావరి పెన్ వర్క్స్‌లో పడేశాడు. దాని యజమాని లక్ష్మీనరసింహం గారు. ఆ రోజుల్లో కలెక్టర్లూ ప్లీడర్లూ ఆయన దగ్గర పేరు చెక్కించుకుని మరీ పెన్నులు చేయించుకునేవారు. గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరుని ఎబొనైట్ అంటారు, ఆ నల్లటి కడ్డీ తెచ్చి ముక్కలు కోసి, తరిమెన పట్టి, లోపల తొలిచి, గొట్టం ఒకటీ క్యాప్ ఒకటీ తీసేవారు. మరలు కూడా చేత్తోనే కోసేవారు. చేత్తో కోసిన మర కనక ఒక గొట్టానికి చేసిన క్యాప్ ఇంకో గొట్టానికి ఎక్కదు. కార్ఖానాలో పన్నెండుమంది పని చేసేచోట ఇవన్నీ కలిసిపోతే ఇక చూసుకో. అందుకని ఎవరు చేసిన జతకి వాళ్ళు ఒక గుర్తు గీసుకునేవారు. క్యాప్ పైన క్లిప్పుని నొక్కిపట్టే చిన్న బిరడా ఉంటుంది, దాన్ని వీళ్ళు తల అంటారు. ఆ తల మర విప్పితే తప్ప కనిపించని చోట, లోపలి అంచున గీసేవారు. బుల్లియ్య గుర్తు మూడు గీతలు, ఒక చుక్క.

జత కుదిరాక, తల బిగించేముందు ఆ గుర్తు గీకెయ్యాలి. అది లక్ష్మీనరసింహం గారి ఆజ్ఞ. పెన్ను మీద ఉండాల్సింది కొనుక్కున్నవాడి పేరూ, కంపెనీ పేరూ. చేసినవాడి గోరు కూడా ఎక్కడా కనబడకూడదు అనేవారట. పనివాళ్ళలో సగం మంది బద్ధకించి గీకేవారు కాదు. బుల్లియ్య మాత్రం ఒక్కటి వదిలేవాడు కాదు. సన్నటి గీకుడు కత్తి లోపలపెట్టి ఒక్క తిప్పు, ఉఫ్ అని ఒక్క ఊదు. అప్పుడుగానీ పెన్ను చెయ్యి దాటేది కాదు.

ఇదంతా నాకు గొప్పగా చెప్పేవాడు. "గీత ఉంచేస్తే పని సగంలో వదిలేసినట్టండి అమ్మగారు" అనేవాడు. బాల్ పెన్నులొచ్చి కార్ఖానా మూతపడి మా అరుగు మీదకి చేరాక కూడా ఆ అలవాటు పోలేదు. క్లిప్పు ఊడిందని ఎవరో ఒక పాత సప్తగోదావరి పెన్ను తెస్తారు. తల విప్పితే లోపల ఎవడో బద్ధకస్తుడు వదిలేసిన గుర్తు కనిపిస్తుంది. ఛీ అని విసుక్కుని దాన్ని గీకేసి, ఊదేసి ఇచ్చేవాడు. వందసార్లు చూసుంటాను నేను. శుభ్రమైన మనిషి అనుకున్నానే గానీ, తమ అందరి పేర్లూ తనే చెరిపేస్తున్నాడని అప్పుడు నాకూ తట్టలేదు, ఆయనకీ తట్టలేదు.

ఇక ఈ పెన్నుల పిచ్చివాళ్ళు. ఏడెనిమిదేళ్ళ కిందట మొదలయ్యారు. వాట్సాప్‌లో గ్రూపులట, వింటేజ్ అట. నా కౌంటరు మీద గుడ్డ పరిచి పెన్నులు వరసగా పేర్చి, ఒక్కొక్కదాన్నీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవారు. స్కేలు కావాలని వచ్చిన పిల్లల తల్లులు వీళ్ళని చూసి జడిసి వెనక్కి పోయేవారు. వీళ్ళు నా దగ్గర కనీసం ఇంకు సీసా కూడా కొనేవారు కాదు, అది కూడా జర్మనీదే కావాలి.

అయినా బుల్లియ్య దగ్గర వీళ్ళ ఆటలు సాగేవి కావు. పెన్ను చేతిలోకి తీసుకుని బొటనవేలితో గొట్టాన్ని గట్టిగా రుద్ది వాసన చూసేవాడు. గంధకం వాసన వస్తే ఎబొనైట్, లేకపోతే ప్లాస్టిక్. క్యాప్ ఎన్ని చుట్లకి బిగుసుకుందో చూసేవాడు. పాళీ కింద ఇంకు దించే నాలికకి ఎన్ని గాట్లున్నాయో గోటితో లెక్కపెట్టేవాడు. ఒకసారి ఎవరో పెద్దమనిషి నెట్‌లో కొన్నానని ఒక పెన్ను తెచ్చి, స్వతంత్రం రాకముందుది అని ఊదరగొట్టాడు. బుల్లియ్య రెండు నిమిషాలు తిప్పి చూసి, "తల ఒకరిదండి, మొండెం ఇంకొకరిదండి. పాళీ మాత్రం మొన్నటిదండి. మీరు బాధపడకండి, రాయడానికి బాగానే ఉంటుంది" అన్నాడు. ఆయన మొహం చూడాలి. నాకు భలే నవ్వొచ్చింది, జెరాక్సు మిషను వెనక్కి వెళ్ళి నవ్వుకున్నాను.

బుల్లియ్య చెప్పిందంతా ఫోన్లో రికార్డు చేసుకుని, రాత్రికల్లా తమ పాండిత్యంలాగా గ్రూపుల్లో పెట్టుకునేవారు. కష్టపడి కనుక్కున్నాను అని రాసేవారట. ఏం కష్టపడ్డావురా నాయనా, మా అరుగు మీద కూచుని మా కుండలో నీళ్ళు తాగడమా. ఒకతనైతే గోధుమరంగుకి తిరిగిపోయిన పాత పెన్ను ఒకటి క్లిప్పు కోసం ఇచ్చివెళ్ళాడు. బుల్లియ్య క్లిప్పు వేసి ఊరుకుంటాడా, పాలిష్ పట్టి నల్లగా నిగనిగలాడించి ఇచ్చాడు. అతనికి ఏడుపొక్కటే తక్కువ. అరవై ఏళ్ళ రంగు పోగొట్టావు, విలువంతా తుడిచిపెట్టేశావు అని ఒంటికాలి మీద లేచాడు. అతను వెళ్ళాక బుల్లియ్య పాలిష్ గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. "మురికి దాచుకునే మనుషులుంటారని నాకు తెలీదండి" అన్నాడు చివరికి.

వాళ్ళందరిలో సుమంత్ ఒక్కడే మనిషి. కాకినాడలో గ్యాస్ కంపెనీలో ఇంజనీరు. సెలవు రోజుల్లో వచ్చేవాడు. బుల్లియ్యని గారూ అని పిలిచిన మొదటివాడు అతనే. ఆ రోజు బుల్లియ్య, ఇంకెవరినో పిలుస్తున్నాడనుకుని వెనక్కి తిరిగి చూశాడు. గోదావరి జిల్లాల్లో తయారైన పెన్నుల మీద సుమంత్ ఒక పుస్తకం రాస్తున్నాడు. ఏ పెన్ను ఏ కార్ఖానాదో చాలామంది చెప్పగలరు, ఎవరి చేతి పనో చెప్పేవాళ్ళు కావాలి అనేవాడు. బుల్లియ్య చెప్పిందల్లా బుల్లియ్య పేరు మీదే రాసుకునేవాడు.

పోయినేడాది లక్ష్మీనరసింహం గారి శతజయంతి వచ్చింది. ఆయన మనవడు మణిశంకర్ ఊళ్ళోనే ఉంటాడు. నా కొట్టున్న బిల్డింగు కూడా వాళ్ళదే. తాతగారి పేరు మీద పెద్ద హాల్లో ప్రదర్శన పెట్టాలని, సుమంత్ పుస్తకం ఆ రోజే విడుదల చెయ్యాలని అనుకున్నారు. ఇంట్లో బీరువాలో పట్టుగుడ్డలో దాచిన పెన్ను ఒకటుందట. లావుపాటి నల్ల పెన్ను. తాతగారు స్వహస్తాలతో చేసింది. పుస్తకం అట్ట మీద దాని బొమ్మే వెయ్యాలన్నారు.

సుమంత్ ఫోన్లో ఆ ఫోటో చూపించాడు. బుల్లియ్య కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. వేళ్ళతో పెద్దది చేయించుకుని మళ్ళీ చూశాడు.

"ఇది నాదండి" అన్నాడు.

నేను శుభలేఖలు లెక్కపెడుతున్నదాన్ని ఆగిపోయాను. ముప్ఫై ఏళ్ళలో ఆ మనిషి నోట నాది అన్న మాట నేను వినలేదు. టీ గ్లాసు కూడా మీదే అనేవాడు.

అప్పుడు చెప్పాడు. తనకి ఇరవై ఒకటో ఏడు నడుస్తుండగా ఆ పెన్ను చేశాడట. పదకొండు రోజులు పట్టిందట. గొట్టం నడుమ దగ్గర ఉబ్బు, రెండు చివర్లా సన్నం, ఎక్కడా ఆకురాయి జాడ తెలియకూడదు. పది కడ్డీలు పాడుచేసి పదకొండోదానికి సాధించాడు. క్లిప్పు ఇంకా బిగించకుండానే ఎవరో పెద్ద అతిథి వచ్చారు. లక్ష్మీనరసింహం గారు చూడమని పెన్ను ఆయన చేతిలో పెట్టి, "ఇది నా చేత్తో నేనే చేశానండి" అన్నారు. అప్పుడు టీల పళ్ళెం పట్టుకుని వెనకాలే నిలబడింది బుల్లియ్య.

"మర్నాడు తల బిగించమని నాకే ఇచ్చారండి. అంతా ఎప్పటిలాగే చేశాను గానీ గీత మాత్రం గీకలేదండి. ఆ ఒక్కసారీ నా బుద్ధి గడ్డి తిందండి" అన్నాడు. యాభై ఏళ్ళయినా ఆ మాట చెప్పడానికి సిగ్గుపడుతున్నాడు.

సుమంత్ సూటిగా చెప్పాడు. "నేను మీ మాట నమ్ముతున్నానండి బుల్లియ్య గారూ. కానీ పుస్తకంలో నా నమ్మకం రాస్తే చెల్లదు కదండి. తల విప్పి చూద్దాం. గీతలుంటే బొమ్మ కింద మీ పేరు పడుతుంది. అది నా పూచీ."

"చిన్నక్షరాలైనా ఫరవాలేదండి" అన్నాడు బుల్లియ్య. "మా వీరవేణికి చూపించాలండి. పెళ్ళయిన కొత్తలో ఈ పెన్ను సంగతి చెబితే నవ్వేసిందండి. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు నేను." వీరవేణి ఆయన భార్య. ఆ రోజునుంచీ బుల్లియ్య వాలకమే మారిపోయింది. పొద్దున్నే వచ్చి సుమంత్ బాబు ఫోన్ చేశారా అండి అని అడిగేవాడు. అచ్చులో నా పేరు ఎలా వేస్తారండి, రెండు యలు పడతాయా అండి అని అడిగితే నేను కాగితం మీద రాసిచ్చాను. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మణిశంకర్ మొదట ససేమిరా అన్నాడు. తాతగారి మీద అనుమానమా అన్నాడు. చూడకుండా రాయాలంటే చేసినవారు తెలియదు అని రాస్తానని సుమంత్ కూడా పట్టుబట్టాడు. చివరికి, పెన్ను నా కళ్ళముందే విప్పాలి అన్న షరతు మీద ఒప్పుకున్నాడు. విప్పేది మా అరుగు మీద, బుల్లియ్య బల్ల దగ్గర.

దానికి మూడు రోజుల ముందు మణిశంకర్ నా కొట్టుకి వచ్చాడు. కుర్చీ వేశాను. బిల్డింగు పాతబడిపోయింది, పడగొట్టి మూడంతస్తులు లేపుతున్నాం అన్నాడు. "మీరు కంగారుపడకండి వరహాలక్ష్మి గారూ, రోడ్డు వైపు మొదటి షాపు మీకే. మీరు మాకు పరాయివాళ్ళా ఏంటి" అన్నాడు. లేచి వెళ్ళేటప్పుడు, "బుల్లియ్య ఏదో అంటున్నాడట. వయసు మీదపడింది పాపం. మీరు కాస్త చెప్పి చూడండి" అన్నాడు. బెదిరించలేదు. అలా బెదిరించి ఉంటే, నా నోరు మంచిది కాదు, అక్కడికక్కడే కడిగేసేదాన్ని. మర్యాదగా మాట్లాడాడు, నేను కాఫీ ఇచ్చాను.

పెన్ను విప్పాల్సిన మంగళవారం బుల్లియ్య ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. పదకొండింటికి సుమంత్, మణిశంకర్ కలిసి వచ్చారు. తాతగారి పెన్ను మంట మీద పెడుతుంటే చూడలేనని మణిశంకర్ లోపల ఫ్యాను కింద కూచుని పేపరు తెరిచాడు. బుల్లియ్య స్పిరిట్ దీపం వెలిగించి, క్యాప్‌ని ఇటూ అటూ తిప్పుతూ వెచ్చచేశాడు. లోపలి లక్క మెత్తబడాలి, ఎబొనైట్ మాడకూడదు. సుమంత్ వంగి చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే అతని ఫోను మోగింది. ప్లాంటు నుంచి. ఎత్తక తప్పదు. మా అరుగు దగ్గర ఆటోల హారన్లకి ఏమీ వినబడదు. "ఒక్క నిమిషం, విప్పుతూ ఉండండి" అని మెట్లు దిగి సందు చివరికి వెళ్ళాడు.

తల మర కదిలింది. బుల్లియ్య దాన్ని విప్పి, క్లిప్పు తీసి పక్కన పెట్టాడు. క్యాప్‌ని వెలుతురుకి ఎత్తి చూశాడు. ఆ మొహంలో వచ్చిన నవ్వు నేను అంతకుముందు చూడలేదు. నా చేతికి భూతద్దం ఇచ్చి, "చూడండి అమ్మగారు" అన్నాడు.

చూశాను. చిలుము, ఎండిపోయిన లక్క, వాటి కింద మూడు గీతలు, ఒక చుక్క. నల్లటిదాని మీద తెల్లగా, నిన్న గీసినట్టే ఉన్నాయి. నా కళ్ళకి కళ్ళజోడు ఉంది, చేతిలో భూతద్దం ఉంది, పట్టపగలు. పొరబడడానికి వీల్లేదు.

"వస్తున్నా, వచ్చేశా" అంటూ సుమంత్ మెట్ల దగ్గరికి వచ్చాడు. పెన్ను అతని చేతికివ్వాలి కదా. బుల్లియ్య కుడిచెయ్యి బల్ల మీంచి గీకుడు కత్తి తీసుకుంది. క్యాప్ లోపల పెట్టి ఒక్క తిప్పు. ఉఫ్ అని ఒక్క ఊదు. అరవై ఏళ్ళుగా పెన్ను ఇచ్చేముందు ఏం చేస్తూ వచ్చాడో అదే చేసి, క్యాప్‌ని రెండు చేతులతో సుమంత్‌కి అందించాడు.

నేను నోరు తెరిచేలోపే అయిపోయింది. 

సుమంత్ ఫోను లైటు వేసి చూశాడు. అటు తిప్పి చూశాడు. "గీత ఏదండి?" అన్నాడు.

బుల్లియ్య క్యాప్ వెనక్కి తీసుకుని చూశాడు. తర్వాత తన బొటనవేలు చూసుకున్నాడు. దాని మీద సన్నటి నల్ల పొడి ఉంది. "గీకేశానండి" అన్నాడు మెల్లగా. "ఇప్పుడే. నేనే గీకేశానండి."

లోపలినుంచి మణిశంకర్ నవ్వాడు. పేపరు మడిచి బయటికి వచ్చాడు. "చూశారా సుమంత్ గారూ, సాక్ష్యం ఉంది గానీ చెరిపేశాను అంటున్నాడు. ఇంకేం మాట్లాడతాం" అన్నాడు.

సుమంత్ మాత్రం వదల్లేదు. నా వైపు తిరిగాడు. "ఆంటీ, మీరు పక్కనే ఉన్నారు. అద్దం మీ చేతిలోనే ఉంది. గీతలు చూశారా? మీరు చూశానంటే చాలు. వరహాలక్ష్మి గారు కళ్ళారా చూశారని మీ పేరుతోనే రాస్తాను, కింద బుల్లియ్య గారి పేరు వేస్తాను" అన్నాడు.

బుల్లియ్య నన్ను చూశాడు. ఆ చూపులో బతిమాలడం లేదు, కంగారు లేదు. అమ్మగారు చూశారు కదా, ఇంక భయమేంటి అన్న ధీమాతో చూశాడు. ఆయన వెనకాల మణిశంకర్ కూడా నన్నే చూస్తున్నాడు. కోపంగా ఏం కాదు, మామూలుగానే. నాకు రోడ్డు వైపు మొదటి షాపు గుర్తొచ్చింది. అది నేను దాచను. అరవై మూడేళ్ళ వయసులో ఈ సామానంతా ఎత్తుకుని ఏ సందులోకి పోను అనుకున్నాను.

"నల్లగా ఉంది బాబూ లోపలంతా. గీతలేం కనబడలేదు" అన్నాను.

బుల్లియ్యే అందుకున్నాడు. "అమ్మగారు అబద్ధం చెప్పరండి. నేనే పొరబడుంటాను" అన్నాడు. క్లిప్పు తుడిచి, తల బిగించి, గొట్టానికి క్యాప్ ఎక్కించి, పెన్నుని మణిశంకర్ చేతిలో పెట్టాడు. బాబుగారూ క్షమించండి అని కూడా అన్నాడు.

ఆ తర్వాత రెండు రోజులు బుల్లియ్య వైపు చూడకుండా తప్పించుకు తిరిగాను. మూడోరోజు మధ్యాహ్నం బేరాలు లేవు. కొట్టులో ఇద్దరమే ఉన్నాం. ఆయన లేచి వచ్చి కౌంటరు దగ్గర నిలబడ్డాడు.

"అమ్మగారండి, ఒక్క మాట. ఎవరూ లేరు కదా అని అడుగుతున్నానండి. ఆ క్యాప్‌లో మీకు నిజంగా ఏం కనబడలేదా అండి? నాకు మూడు గీతలు కనబడ్డాయండి. గీకాను కూడానండి. అసలు లేనిదాన్ని గీకానా అని రెండు రోజులనుంచీ నిద్రపట్టట్లేదండి."

అక్కడ మణిశంకర్ లేడు. సుమంత్ లేడు. ఉంది అని ఒక్క మాట చెబితే నా షాపు ఎక్కడికీ పోదు, ఆ మనిషి కడుపులో దాచుకుంటాడు, ఎవరికీ చెప్పడు. అది నాకు తెలుసు. కానీ ఉంది అంటే, మొన్న ఎందుకు లేదన్నారండి అని ఆయన అడగడు గానీ, ఆ ప్రశ్న ఆ కళ్ళల్లో రోజూ చూడాల్సింది నేనే కదా. నా పరువు కోసం రెండోసారి కూడా అబద్ధం ఆడాను. 

"లేదు బుల్లియ్యా. ఉంటే చెప్పనా" అన్నాను.

ఆయన తల ఊపాడు. "నా కంటి ఆపరేషను బాగానే చేశారు కదండి. అయితే కళ్ళది కాదండి తప్పు, బుర్రదే" అని వెళ్ళి బల్ల దగ్గర కూచున్నాడు.

పుస్తకం వచ్చింది. అట్ట మీద లావుపాటి నల్ల పెన్ను. కుటుంబసభ్యుల కథనం ప్రకారం లక్ష్మీనరసింహం గారి స్వహస్తాలతో తయారైనది అని కింద ఉంది. అంతకుమించి రాయడానికి సుమంత్‌కి ఆధారం లేదు మరి. ప్రదర్శనకి నన్ను ముందు వరసలో కూచోబెట్టారు. బుల్లియ్యకి కూడా శాలువా కప్పారు, పాత పనివాడని.

తర్వాత నెలలో సుమంత్ ఇంకో సప్తగోదావరి పెన్ను తెచ్చి ఎవరి చేతిదో చెప్పమన్నాడు. బుల్లియ్య చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో రుద్దాడు. క్యాప్ సగం విప్పి, మళ్ళీ బిగించేసి, తిరిగి ఇచ్చేశాడు. "ఏమోనండి. నేను చెబితే తప్పు చెబుతానేమోనండి. ఇంకెవరినైనా అడగండి బాబూ" అన్నాడు. సుమంత్ ఎంత బతిమాలినా నోరు విప్పలేదు. ఆ వచ్చేవాళ్ళందరికీ అదే జవాబు. నెల తిరిగేసరికి అందరూ రావడం మానేశారు. పెన్నుల పిచ్చివాళ్ళ పీడ విరగడైంది, నేను కోరుకున్నట్టే. ఆ తర్వాత బుల్లియ్య కూడా రావడం మానేశాడు.

బిల్డింగు పడగొట్టేముందు బల్ల తీసుకెళ్ళడానికి వీరవేణి ఆటో వేసుకుని వచ్చింది. తరిమెన ఎక్కించాక, ఆటో అతన్ని కాస్త ఆగమని నా దగ్గరికి వచ్చింది.

"మా ఆయన ఈమధ్య అదోలా అయిపోయాడండి అమ్మగారు. ప్రతిదీ అనుమానమేనండి. పన్నెండో ఏటే పనిలో చేరానా, లేకపోతే అదీ నేనే అనుకుంటున్నానా అంటాడండి. మన పెళ్ళికి గోదారికి వరదొచ్చింది నిజమేనా అని నన్నడుగుతున్నాడండి. పెన్ను సంగతి చెప్పినప్పుడు కుర్రతనం, నవ్వేశాను గానీ, ఇప్పుడు నిజమేనయ్యా అని నేను ఎంత చెప్పినా నమ్మట్లేదండి. మీరోసారి వచ్చి చెప్పండమ్మగారు. మీరేం చెబితే అదే నిజమంటాడండి."

వస్తానులే వీరవేణీ అన్నాను. కొత్త బిల్డింగులో రోడ్డు వైపు మొదటి షాపు నాదే. గాజు తలుపులు పెట్టించాను, బేరాలు బాగానే ఉన్నాయి. కొవ్వూరుకి అరగంటకో బస్సుంది. నేను ఇంకా వెళ్ళలేదు.